కొత్త పైలట్ వాచీల వరస కోసం ఎదురుచూసేవాళ్లకి: ఐడబ్ల్యూసీ మార్క్ 20 తర్వాత ఏం రావాలి, వస్తే ఏం చూసుకోవాలి

#1 ముల్లుగమనం

జెనీవా వాచీల ప్రదర్శన దగ్గరపడగానే అందరి నోటా ఒకటే మాట: పైలట్ వాచీల్లో కొత్త వరస దిగుతుందా? లీకైన ఫొటోలంటూ తిరిగే బొమ్మలు దయచేసి ఇక్కడ పెట్టకండి. ఇంతకుముందు తరం మారినప్పుడల్లా ఏం మార్చారో చూస్తే, రాబోయేదాంట్లో దేనికి ఆశపడొచ్చో, దేనికి పట్టుబట్టాలో తెలుస్తుంది.

స్విస్ కంపెనీ ఐడబ్ల్యూసీ చేసే మార్క్ పైలట్ వాచీల వరసని గీటురాయిగా తీసుకుందాం. 1948లో మార్క్ 11 వచ్చింది. బ్రిటిష్ వాయుసేన కోసం చేసిన 36 మి.మీ. వాచీ. చేత్తో కీ ఇచ్చే క్యాలిబర్ 89 మెషిన్, దాని చుట్టూ అయస్కాంతాన్ని ఆపే మెత్తటి ఇనుప తొడుగు. మార్క్ 12 కూడా 36. 1999లో మార్క్ 15 వచ్చేసరికి 38, 2006లో మార్క్ 16తో 39, 2012లో మార్క్ 17తో 41. 2016లో మార్క్ 18తో 40కి దిగారు, 2022లో మార్క్ 20కీ అదే ఉంచారు. అంటే అరవై నాలుగేళ్లలో ఐదు మిల్లీమీటర్లు పెరిగి, ఆ తర్వాత ఒకటి వెనక్కి వచ్చింది.

మార్క్ 17లో తేదీ కిటికీని విమానంలోని ఎత్తు మీటరులాగా మూడు తేదీలు ఒకేసారి కనపడేలా పెద్దది చేశారు. కలెక్టర్లు గట్టిగా వద్దన్నారు. 18లో మళ్లీ ఒక్క తేదీకి వచ్చేశారు.  కాబట్టి మనం అడిగేవి గాల్లో కలిసిపోతాయనుకోను.

నేను కోరుకునేవి మూడు. ఒకటి, తేదీ లేని డయల్. రెండు, 38 లేదా 39 సైజు. మూడు, ఇనుప తొడుగు సంగతి స్పెసిఫికేషన్ కాగితంలో స్పష్టంగా రాయడం. మీవి చెప్పండి. కారణంతో చెప్పండి.

#2 వరంగల్_వైండర్

39 రావాలె అన్నా. 40 పెద్దగున్నదని కాదు, డయల్ అంచు సన్నగుంటది కాబట్టి పైలట్ వాచీ ఎప్పుడైనా ఉన్నదానికంటే పెద్దగ కనిపిస్తది. అదే 40 డైవింగ్ వాచీకి చుట్టూ బెజెల్ (తిరిగే రింగు) ఉంటది, అందుకే చిన్నగ అనిపిస్తది. కేటలాగులో అంకె చూసి రెంటినీ ఒకటే అనుకోవద్దు.

#3 కొలతలరాజు

వైండర్ చెప్పింది నిజం. నన్నడిగితే మనం వ్యాసం గురించి వాదించుకోవడం మానేసి లగ్ (స్ట్రాప్ తగిలించే కొమ్ము) కొస నుంచి లగ్ కొసకి పొడవెంతో అడగాలి. మార్క్ 18, మార్క్ 20 రెండూ 40 మి.మీ. వాచీలే, మందం రెండూ దాదాపు 11. కానీ 18లో ఆ పొడవు సుమారు 51, 20లో సుమారు 49. ఆ రెండు మిల్లీమీటర్లే చేతి మీద వాచీ కూర్చునే తీరుని మార్చేశాయి. డబ్బా మీద అంకె ఒక్కటే, చేతి మీద రెండు వేర్వేరు వాచీలు.

చెయ్యి కొలుచుకునే పద్ధతి ఇది. అరచేయి కింద పెట్టి చెయ్యి బల్ల మీద ఆనించండి. వాచీ ఎక్కడ కూర్చుంటుందో అక్కడ రెండు పక్కలా రెండు పుస్తకాలు నిలబెట్టి ఆనించి, వాటి మధ్య దూరం స్కేలుతో కొలవండి. అదే మీ మణికట్టు అడ్డం వెడల్పు. టేపు చుట్టి కొలిచే చుట్టుకొలత దీనికి పనికిరాదు, ఎందుకంటే గుండ్రటి చెయ్యి, చదును చెయ్యి చుట్టుకొలతలో ఒకటే రావచ్చు. లగ్ నుంచి లగ్‌కి పొడవు ఈ వెడల్పు కంటే కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువుండాలి. సమానమైతే స్ట్రాప్ లగ్ దగ్గర నిట్టనిలువుగా కిందికి పడుతుంది, పక్కన సందు కనపడుతుంది, చొక్కా కఫ్ తగిలి వాచీ తిరిగిపోతుంది.

ఇంకొకటి, చైన్‌తో కొంటే మొదటి లింకు ఎక్కడ వంగుతుందో చూడండి. మొదటి లింకు బిగుసుకుని బయటికి పొడుచుకొచ్చే రకమైతే 49 కాస్తా 53 అయినట్టే లెక్క. కొత్త వరస ఫొటోల్లో ఇది పక్కనుంచి తీసిన బొమ్మలోనే తెలుస్తుంది. ఎదురుగా తీసిన ఫొటో చూసి బుక్ చేయకండి.

#4 స్ప్రింగు_శాస్త్రి

సైజు సరే. లోపలి మెషిన్ గురించి కూడా మాట్లాడుకోవాలి.

మార్క్ 18లో ఉన్నవి ఈటీఏ, సెలిటా అనే బయటి మెషిన్ కంపెనీల మూలాల మీద కట్టిన మెషిన్లు, పూర్తిగా కీ ఎక్కితే 42 గంటలు. మార్క్ 20లో క్యాలిబర్ 32111, 120 గంటలు. ఇది ఐడబ్ల్యూసీ ఉన్న రిష్మాంట్ గ్రూపులోనిదైన వాల్‌ఫ్లూరియే చేసేది. అదే గ్రూపులో బోమ్ ఎ మెర్సియే బోమాటిక్ కూడా అదే చోటు నుంచి వచ్చిన 120 గంటల మెషిన్. గంటకు 28,800 బీట్లు (టిక్కులు), అంటే సెకనుకి ఎనిమిది. 2022లో ధర మీద ఎన్ని మాటలన్నా, ఈ ఒక్క మార్పు కోసం నేను ఆ తరాన్ని సమర్థిస్తాను.

120 గంటలంటే శుక్రవారం సాయంత్రం తీసి పెడితే మంగళవారం ఉదయానికీ నడుస్తుంటుంది. వారంలో రెండు మూడు వాచీలు మార్చి పెట్టుకునేవాళ్లకి ఇదే అసలు లాభం. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. పొడవైన మెయిన్‌స్ప్రింగ్ (కీ శక్తిని దాచే స్ప్రింగు) పూర్తిగా నిండాలంటే చేతి కదలికే ఎక్కువ కావాలి. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లు ఆగిన వాచీని కాస్త ఊపి పెట్టుకుంటే అది సగం కూడా నిండదు. ఆగిపోయిన వాచీకి ముందు చేత్తో ముప్పై నలభై సార్లు కీ ఇచ్చి అప్పుడు పెట్టుకోవాలి. రెండోది, స్ప్రింగు చివరి రోజుకి వచ్చేసరికి బలం తగ్గి ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) పడుతుంది, సమయం నిండుగా ఉన్నప్పటి లెక్కకి తేడా వస్తుంది. కొత్త మెషిన్ ఏది వచ్చినా «ఎన్ని గంటలు» అని మాత్రమే కాదు, నాలుగో రోజు రేటు (రోజుకి వచ్చే సెకన్ల తేడా) ఎంత అని అడగండి.

#5 గుంటూరు_జీఎంటీ

శాస్త్రి గారూ, కొత్త వరసలో వెనక గాజు మూత ఉంటుందా లేదా అన్నదే నాకు ముఖ్యం. ఇంత డబ్బు పెట్టి మెషిన్ కనపడకపోతే ఎలా?

#6 స్ప్రింగు_శాస్త్రి

గాజు మూత, ఇనుప తొడుగు ఒకదానికొకటి పడవు, గుంటూరు గారూ. మెత్తటి ఇనుము అయస్కాంత రేఖల్ని తనలోకి లాక్కుని మెషిన్ చుట్టూ తిప్పి పంపేస్తుంది. అది పనిచేయాలంటే కింద మూత, చుట్టూ రింగు, పైన డయల్, మూడూ ఇనుమై కలిసి ఒక డబ్బీలా మూసుకోవాలి. వెనక కిటికీ తెరిచారంటే ఆ డబ్బీకి అడుగు లేనట్టే. మార్క్ 11 నుంచి మార్క్ 18 దాకా వెనక మూత ఉక్కుతో మూసి ఉండటానికి కారణం ఇదే. 2021లో వచ్చిన ఐడబ్ల్యూసీ బిగ్ పైలట్ 43కి గాజు మూత పెట్టారు, పెల్లటాన్ వైండింగ్ (చేతి కదలికతో కీ ఎక్కించే ఏర్పాటు) ఉన్న క్యాలిబర్ 82100 కనపడాలని. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ అది వేరే దారి.

అయస్కాంతాన్ని తట్టుకునే వాచీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 764 ప్రకారం వాచీ మీటరుకి 4,800 ఆంపియర్ల క్షేత్రంలో పెట్టి తీశాక రోజుకి 30 సెకన్లకి మించి తేడా రాకూడదు. 4,800 అంటే సుమారు 60 గాస్ (అయస్కాంత బలానికి ఇంకో కొలత). ఫోను స్పీకరు, ట్యాబ్లెట్ కవరులోని అయస్కాంతం, హ్యాండ్‌బ్యాగు క్లిప్పు, ఇవన్నీ ఆనుకుని ఉంటే అంతకంటే చాలా ఎక్కువే. అయితే దూరం పెరిగేకొద్దీ బలం వేగంగా పడిపోతుంది, రెండు మూడు అంగుళాలు జరిపితే చాలు.

వాచీ అయస్కాంతం పట్టిందని ఎలా తెలుస్తుందంటే, ఉన్నట్టుండి రోజుకి నిమిషాల చొప్పున ముందుకి పరిగెడుతుంది. టిక్కుల వేగాన్ని నడిపే సన్నటి చుట్ట స్ప్రింగు, అంటే హెయిర్‌స్ప్రింగ్, దాని చుట్లు ఒకదానికొకటి అతుక్కుని స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేయడమే కారణం. మామూలు దిక్సూచి పక్కన పెట్టి వాచీని మెల్లగా తిప్పండి, ముల్లు వాచీతోపాటు కదిలితే అదే. డీమాగ్నెటైజర్ (అయస్కాంతం తీసేసే చిన్న యంత్రం) మీద పెట్టి బటన్ నొక్కి, నొక్కి ఉంచే నిలువుగా ఒక అడుగు పైకి మెల్లగా తీసి, అప్పుడు బటన్ వదలాలి. వాచీ యంత్రం మీద ఉండగానే బటన్ వదిలేస్తే ఇంకా ఎక్కువ పట్టే ప్రమాదముంది. చాలామంది చెడగొట్టేది ఇక్కడే.

#7 లోలకం

శాస్త్రి గారితో ఒకచోట విభేదిస్తాను. ఇనుప డబ్బీ 1948 నాటి పరిష్కారం. ఇప్పుడు సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్, అయస్కాంతం పట్టని లోహాలతో ఎస్కేప్‌మెంట్ (మెషిన్ శక్తిని టిక్కుటిక్కుగా వదిలే భాగం) చేస్తున్నారు. ఒమేగా వాచీలకి స్విస్ కొలతల సంస్థ మెటాస్ ఇచ్చే ధ్రువీకరణ 15,000 గాస్ దాకా పరీక్షిస్తుంది, గాజు మూత ఉన్న వాచీకి కూడా. కొత్త పైలట్ వరసలో ఎవరైనా ఇది చేస్తే గుంటూరు గారికి మెషిన్ కనపడుతుంది, మీకు రక్షణా దొరుకుతుంది. ఇనుప తొడుగు వల్ల మందం కూడా పెరుగుతుంది, అది మర్చిపోకండి.

#8 స్ప్రింగు_శాస్త్రి

ఒప్పుకుంటాను, పూర్తి సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్ ఉంటే. ఎస్కేప్‌మెంట్‌లోని ఎస్కేప్ వీల్, ప్యాలెట్ మాత్రమే సిలికాన్ చేసి హెయిర్‌స్ప్రింగ్ లోహంగానే ఉంచితే అసలు బలహీనత అక్కడే మిగిలిపోతుంది. ప్రకటనలో «సిలికాన్ భాగాలు» అని రాస్తారు. ఏ భాగాలు అని అడగాలి. ఇంకో సంగతి, సిలికాన్ విరిగితే సరిచేయడం ఉండదు, భాగం మొత్తం మార్చాలి, అది కంపెనీ సర్వీసులోనే దొరుకుతుంది. మన ఊళ్లో చేయి తిరిగిన వాచీ రిపేరరు ఉన్నా లాభం లేదు.

#9 నీలిముల్లు

మీరందరూ మార్క్ చుట్టూనే తిరుగుతున్నారు. పైలట్ వాచీ అంటే ఫ్లైబ్యాక్ క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ ఉన్న వాచీ) కాదా? 2023 ఈ రకానికి పండగ సంవత్సరం. జెనిత్ మొత్తం పైలట్ వరసనే కొత్తగా చేసింది: 40 మి.మీ. ఆటోమేటిక్‌లో ఎల్ ప్రిమెరో 3620 మెషిన్, 42.5 మి.మీ. బిగ్ డేట్ ఫ్లైబ్యాక్‌లో 3652. రెండూ ఉక్కులోనూ నల్ల సిరామిక్‌లోనూ. డయల్ మీద అడ్డగీతలు పాత విమానాల రేకు ఒంటిని గుర్తు చేస్తాయి. అదే ఏడాది బ్రెగే టైప్ 20, టైప్ ఎక్స్‌ఎక్స్ రెండూ 42 మి.మీ.లో వచ్చాయి. సైనిక శైలి 2057కి రెండు చిన్న డయళ్లు, పౌర శైలి 2067కి మూడు. సెకనుకి పది బీట్లు, 60 గంటలు.

మామూలు క్రోనోలో మళ్లీ మొదలుపెట్టాలంటే ఆపు, సున్నాకి తే, మొదలుపెట్టు, మూడు నొక్కులు. ఫ్లైబ్యాక్‌లో నడుస్తుండగానే కింది బటన్ ఒక్కసారి నొక్కి వదిలితే చాలు, ముల్లు సున్నాకి ఎగిరి వదిలిన క్షణం నుంచి మళ్లీ నడుస్తుంది. మలుపులు లెక్కపెట్టుకుంటూ దారి చూసే రోజుల్లో రెండు నొక్కుల ఆలస్యం కూడా తేడానే.

కొనేటప్పుడు పరీక్ష: క్రోనో నడిపి, ముల్లు 20, 40, 55 సెకన్ల దగ్గర ఉన్నప్పుడు విడివిడిగా ఫ్లైబ్యాక్ నొక్కండి. ప్రతిసారీ సరిగ్గా 12 మీదికి రావాలి. ఒక్కసారి అటూ ఇటూ అయినా ముల్లు బిగింపులోనో సుత్తిలోనో లోపముంది. బటన్ సగం నొక్కి వదిలేసే అలవాటు మంచిది కాదు, గట్టిగా చివరిదాకా నొక్కాలి.

బ్రెగే మీద నా ఫిర్యాదు ఒకటే. 4కి 5కి మధ్య తేదీ కిటికీ. అంత అందమైన డయల్‌కి అది అవసరం లేదు. తర్వాతి కూర్పులో తీసేస్తే నేను సంతోషంగా వరసలో నిలబడతాను.

#10 వరంగల్_వైండర్

తేదీ వద్దనేటోళ్లు ఒకటి ఆలోచించాలె. ఆఫీసుల రోజూ పెట్టుకునే వాచీకి తేదీ పనికొస్తది. రెండు కూర్పులూ ఉండాలె, ఒకటి తీసి ఒకటి పెట్టుడు కాదు.

#11 ముల్లుగమనం

తేదీ లేని కూర్పు అడిగేవాళ్ల వాదన అలంకారం గురించి మాత్రమే కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ వాయుసేన బీ-ఉర్ వాచీలు చూడండి. 55 మి.మీ., ఫ్లయింగ్ జాకెట్ మీద నుంచి కట్టుకునే పొడవాటి తోలు పట్టీ, ఒంటి పక్కన ఎఫ్ఎల్ 23883 అన్న ముద్ర. ఏ. లాంగే, లాకో, స్టోవా, వెంపే, ఐడబ్ల్యూసీ, ఐదు కంపెనీలు చేశాయి. «ఏ» రకం డయల్‌లో గంటల అంకెలు బయట వరసలో ఉంటాయి. 1941 నుంచి వచ్చిన «బీ» రకంలో నిమిషాలు బయట పెద్దగా, గంటలు లోపల చిన్న వలయంలో. 12 దగ్గర త్రికోణం, రెండు చుక్కలు. చీకట్లో, చెయ్యి ఏ కోణంలో ఉన్నా పైవైపు ఏదో ఒక్క చూపులో తెలియడానికి. 3 దగ్గర తెల్లటి చదరం పెడితే ఆ సమతూకం పోతుంది. కొత్త వరసలో తేదీ ఉంచినా 6 దగ్గర, డయల్ రంగులో ఉంచితే నాకు అభ్యంతరం లేదు. జెనిత్ 2023 ఆటోమేటిక్‌లో చేసింది అదే, 6 దగ్గర పెట్టింది.

#12 గుంటూరు_జీఎంటీ

స్పెసిఫికేషన్లలో «గాలి ఒత్తిడి పడిపోయినా గ్లాసు ఊడదు» అని రాస్తారు కదా. అది నిజంగా అవసరమా, ప్రకటన కోసమా?

#13 కొలతలరాజు

అవసరమే, లెక్క చూడండి. నేల మీద మూసిన వాచీ లోపల ఒత్తిడి సుమారు 1 బార్. ప్రయాణికుల విమానం క్యాబిన్‌లో 8,000 అడుగులకి సమానమైన ఒత్తిడి ఉంచుతారు, సుమారు 0.75 బార్. తేడా పావు బార్, ఏ వాచీకీ ఏమీ కాదు. కానీ 35,000 అడుగుల్లో క్యాబిన్ ఒత్తిడి ఒక్కసారిగా పోతే బయట దాదాపు 0.24 బారే. తేడా 0.76. గ్లాసు వ్యాసం 33 మి.మీ. అనుకుంటే వైశాల్యం ఎనిమిదిన్నర చదరపు సెంటీమీటర్లు, అంటే లోపలి నుంచి గ్లాసుని ఆరున్నర కిలోల బరువు బయటికి తోస్తున్నట్టు.

నీళ్ల వాచీలో ఒత్తిడి బయటి నుంచి వస్తుంది, గ్లాసుని గాడిలోకి ఇంకా నొక్కి బిగిస్తుంది. ఇక్కడ దిక్కు తిరగబడింది. అందుకే 100 మీటర్ల వాచీ అయినంత మాత్రాన ఇది తట్టుకుంటుందని చెప్పలేం. గ్లాసు లోపలి వైపు నుంచి వాచీ ఒంటి అంచుకి తగులుకుని ఆగేలా, లేదా పైన బిగింపు రింగు ఉండేలా చేయాలి. పక్కా ప్రమాణం కావాలంటే జర్మనీలో డిన్ 8330 ఉంది, 2016లో వచ్చింది. దానికి ముందు 2012లో ఆఖెన్ అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయంతో కలిసి సిన్ వాచీ కంపెనీ తెచ్చిన టెస్టాఫ్ ప్రమాణం దారి చూపింది. చదవగలగడం, ఒత్తిడి, కంపనం, అయస్కాంతం, ఇంధనం వంటి ద్రవాలు, అన్నీ పరీక్షిస్తారు. విలాస కంపెనీల కొత్త వరసలు ఈ పరీక్షకి నిలబడి పాసవ్వాలని నా బలమైన కోరిక. పైలట్ అన్న పేరు పెట్టుకున్నాక ఆ మాత్రం చేయాలి.

#14 డల్లాస్_డయల్

బ్రైట్‌లింగ్ కంపెనీ మాట ఎవరూ ఎత్తలేదు. వాళ్ల పైలట్ వాచీ నావిటైమర్ 1952లో మొదలైంది, 2022లో డెబ్బై ఏళ్లకి కొత్త వరస: బీ01 మెషిన్, 70 గంటలు, 46, 43, 41 సైజులు. ఏఓపీఏ (విమాన యజమానులు, పైలట్ల సంఘం) రెక్కల గుర్తు 12 దగ్గరికి తిరిగొచ్చింది. ఈసారి ఏదైనా వస్తే 41లో స్లైడ్ రూల్ (లెక్కలు చేసే తిరిగే స్కేలు) ఇంకాస్త స్పష్టంగా ఉండాలి.

అది అలంకారమే అనుకునేవాళ్లకి ఒక లెక్క. గంటకి 120 మైళ్ల వేగం, 90 మైళ్ల దూరం. బెజెల్ తిప్పి బయటి స్కేలు 12ని లోపలి స్కేలు 60 మీదికి తెండి. ఇప్పుడు బయట 90కి ఎదురుగా లోపల ఏముందో చూడండి: 45. అంటే 45 నిమిషాలు. ఇంధనం కూడా అంతే: గంటకి 32 లీటర్లు తాగితే 32ని 60 మీద పెట్టి, లోపల 45కి ఎదురుగా బయట చదవండి, 24 లీటర్లు. దూరాల మార్పిడికి లోపలి స్కేలు మీద 33 దగ్గర నాటికల్, 38 దగ్గర స్టాట్యూట్, 61 దగ్గర కిలోమీటర్ల గుర్తులుంటాయి. బయటి 10ని నాటికల్ గుర్తు మీద పెడితే కిలోమీటర్ల గుర్తుకి ఎదురుగా 18.5 వస్తుంది.

తప్పు జరిగేది దశాంశ స్థానంలో. స్కేలుకి 12, 120, 1200 అన్నీ ఒకటే, జవాబు ఏ స్థాయిలో ఉండాలో ముందే మనసులో అంచనా వేసుకోవాలి. ఇంకా, వాచీని ఏటవాలుగా చూస్తే గీత పక్కకి జరిగినట్టు కనపడుతుంది, నిటారుగా చూడండి. నీటి రక్షణ 30 మీటర్లే, దీంతో ఈతకి దిగొద్దు.

#15 లోలకం

సిరామిక్ గురించి ఒక హెచ్చరిక. కొత్త వరస అనగానే రంగురంగుల సిరామిక్ ఉంటుందని ఆశపడుతున్నారు, ఐడబ్ల్యూసీ టాప్ గన్ వాచీలు ఆ మోజు పెంచాయి. జిర్కోనియం ఆక్సైడ్ పొడిని అచ్చుపోసి కాల్చినప్పుడు అది దాదాపు మూడో వంతు కుంచించుకుపోతుంది, అంత మార్పు లెక్కేసుకుని ముందే పెద్దగా చేయాలి, రంగు అన్ని ముక్కల్లో ఒకేలా రావాలి. ఖరీదు అందుకే. గట్టిదనం 1,200 విక్కర్స్ పైన, మామూలు ఉక్కు 200 దరిదాపుల్లో. గీతలు పడవు, నిజమే. కానీ గట్టిగా ఉన్నది పెళుసుగా కూడా ఉంటుంది. గ్రానైట్ నేల మీద అంచుతో పడితే లగ్ విరిగిపోవచ్చు. ఉక్కు లగ్ వంగితే సరిచేస్తారు, సొట్ట పడితే లేజర్ వెల్డింగ్ చేసి పాలిష్ పెడతారు. సిరామిక్ విరిగితే మొత్తం ఒంటి భాగం మార్చాల్సిందే. కొనేముందే ఆ భాగం విడిగా ఎంతకి ఇస్తారో, ఎన్నేళ్లు ఉంచుతారో షాపులో రాతపూర్వకంగా అడగండి.

#16 వరంగల్_వైండర్

ధర సంగతి ఎవరన్న చెప్పుండ్రి. స్విస్ ఒప్పందం తర్వాత తగ్గుతదంటున్నరు.

#17 నీలిముల్లు

భారత్‌కి, స్విట్జర్లాండ్ ఉన్న ఈఎఫ్‌టీఏ కూటమి దేశాలకి మధ్య ఒప్పందం మీద 2024 మార్చి 10న సంతకాలయ్యాయి, 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం ఒకేసారి పోదు, ఏడాదికి కొంత చొప్పున తగ్గుతూ వస్తుంది. ఏటా తగ్గే భాగం చిన్నది. కంపెనీ ధరలు పెంచితే, ఫ్రాంక్ విలువ పెరిగితే ఆ తగ్గింపు కనపడకుండా పోవచ్చు. సుంకం తగ్గాక కొందామని కొత్త మోడల్‌ని రెండేళ్లు ఆపడంలో నాకు లాభం కనపడదు. ఒప్పందం కోసం ఆగడం కంటే షాపు వాడి దగ్గర బేరం మీద దృష్టి పెట్టండి.

పది లక్షలు దాటిన వాచీ మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) 2025 ఏప్రిల్ 22 నుంచి వసూలు చేస్తున్నారు. అది అదనపు పన్ను కాదు, రిటర్ను వేసేటప్పుడు మీ ఖాతాలో సర్దుబాటవుతుంది. బిల్లులో పాన్ నంబరు సరిగా ఉందో లేదో చూసుకోండి, తప్పుంటే ఆ మొత్తం మీ పేర కనపడదు. రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు.

#18 డల్లాస్_డయల్

అమెరికాలో కొనేవాళ్లు అమ్మకపు పన్ను కలిపి లెక్కేసుకోండి. టెక్సస్‌లో అది 8.25 శాతం దాకా ఉంటుంది, షాపులో రాసి పెట్టిన ధరలో కలిసి ఉండదు. వాచీ ఎక్కడ కొన్నా ఐడబ్ల్యూసీ అయితే వెబ్‌సైటులో నమోదు చేస్తే రెండేళ్ల వారంటీ ఎనిమిదేళ్లవుతుంది. నమోదు చేయకపోతే రెండేళ్లే. అమ్మిన తేదీ కార్డులో ఎక్కించారో లేదో షాపులోనే చూసుకోండి. తేదీ ఖాళీగా ఉన్న కార్డుతో సగం ధరకి దొరికే వాచీ అధికారిక షాపు నుంచి వచ్చింది కాదనే అర్థం.

#19 గుంటూరు_జీఎంటీ

ఇంత బడ్జెట్ లేనివాళ్లకి ఈ డయల్ శైలి దొరికే దారి ఉందా?

#20 పాతవాచీలవీధి

హెచ్ఎంటీ పైలట్. నల్ల డయల్, తెల్ల అంకెలు, 17 రాళ్లు (మెషిన్ ఇరుసులకి పెట్టే కెంపులు), చేత్తో కీ ఇచ్చే 0231 మెషిన్. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలుపెట్టింది. పైలట్ ఆ కుటుంబంలో అందరికీ నచ్చినది. వాచీల విభాగం మూసేయాలని ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. అందుకే ఇప్పుడు మార్కెట్లో తిరిగేవాటిలో డయల్ మళ్లీ ముద్రించినవే ఎక్కువ.

గుర్తుపట్టే విధానం: భూతద్దం పెట్టి అక్షరాల అంచులు చూడండి, అసలు ముద్రణ సన్నగా, అంచు తెగినట్టు ఉంటుంది. మళ్లీ వేసింది లావుగా, ఉబ్బినట్టు ఉంటుంది. నిమిషాల గీతలు సరిగ్గా అంకెల మధ్యకి రాకపోతే అనుమానించండి. ఎర్ర, పచ్చ, నారింజ డయళ్లు «అరుదైనవి» అంటూ అమ్ముతారు, వాటి జోలికి పోకండి. వెనక మూత తీయించి మెషిన్ మీద 0231 చూడండి. బ్యాలెన్స్ మెల్లగా కొట్టుకుంటుంటే నూనె ఎండిపోయిందని అర్థం, సర్వీసింగ్ ఖర్చు కలుపుకుని బేరమాడండి. ఇది విలాస వాచీ కాదు. కానీ డయల్ చదవడానికి ఎంత హాయిగా ఉండాలో నేర్పే వాచీ.

#21 కొలతలరాజు

పాతవాచీల గారు చెప్పినదానికి తోడు: కొత్త వరస ప్రకటించిన కొన్ని వారాల్లో పాత తరం సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా అమ్మకానికి వస్తుంది. 39 మి.మీ. కావాలంటే మార్క్ 16 ఉండనే ఉంది, 2006 నాటిది. వైండర్ గారూ, కొత్తదాని కోసం ఆగేలోపు ఒకసారి చేతికి పెట్టి చూడండి.

#22 వరంగల్_వైండర్

పాతది కొంటే ఏం చూడాలె రాజు గారు? షాపుల కొత్తది తీసుకున్నా ఏం చూడాలె, అది కూడ చెప్పుండ్రి.

#23 స్ప్రింగు_శాస్త్రి

రాజు గారి బదులు నేను చెప్తాను, ఇది మెషిన్ విషయం కాబట్టి.

పాతదైతే టైమ్‌గ్రాఫర్ (టిక్కు శబ్దం విని వాచీ నడక కొలిచే యంత్రం) మీద పెట్టించండి. ముందు కీ పూర్తిగా ఇచ్చి, డయల్ పైకి ఉన్నప్పుడు ఆంప్లిట్యూడ్ 270 నుంచి 310 డిగ్రీలుండాలి. నిలువుగా పెడితే 30, 40 డిగ్రీలు తగ్గడం మామూలే. నిండుగా కీ ఉన్నా 220 కంటే కింద ఉంటే సర్వీసింగ్ దగ్గరపడింది. యంత్రంలో లిఫ్ట్ యాంగిల్ ఆ మెషిన్‌కి సరిపడేది పెట్టారో లేదో అడగండి, అది తప్పైతే ఆంప్లిట్యూడ్ అంకె తప్పే. బీట్ ఎర్రర్ (టిక్కుకి టక్కుకి మధ్య తేడా) 0.5 మిల్లీసెకన్ల లోపుంటే మంచిది. లగ్గుల అంచులు గుండ్రబడి, కింది వైపు గీతలు మాయమైతే ఎక్కువ పాలిష్ పెట్టారన్నమాట. ఆ లోహం తిరిగి రాదు, ధర తగ్గించి అడగండి.

కొత్తదైతే పది నిమిషాల పని. సన్నటి టార్చి ఏటవాలుగా వేసి గ్లాసు కింద దుమ్ము చూడండి. నిమిషాల ముల్లు సరిగ్గా 12 మీద పెట్టి గంటల ముల్లు అంకె మధ్యలో ఉందో లేదో చూడండి. క్రౌన్ (పక్కన తిప్పే పిడి) చివరిదాకా బయటికి లాగగానే సెకన్ల ముల్లు ఆగాలి. క్రౌన్ మరలో బిగించేటప్పుడు ముందు వెనక్కి మెల్లగా తిప్పండి, మర పట్టు దొరికినట్టు చిన్న కుదుపు తగులుతుంది, అప్పుడు ముందుకి తిప్పండి. అలా చేయకుండా బలంగా నొక్కితే మర అడ్డంగా ఎక్కి దెబ్బతింటుంది. టార్చి అర నిమిషం వేసి చెయ్యి అడ్డం పెట్టి ముళ్ల వెలుగు, 12 దగ్గర త్రికోణం వెలుగు ఒకే తీరుగా ఉన్నాయా చూడండి.

తేదీ ఉన్న వాచీ అయితే ముళ్లు 6 దగ్గరికి తెచ్చాకే తేదీ మార్చండి. రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీ చక్రం మెషిన్ పళ్లలో ఇరుక్కుని ఉంటుంది, అప్పుడు క్రౌన్‌తో తోస్తే పన్ను విరుగుతుంది. వాచీ ఆగి ఉంటే అది పగలో రాత్రో తెలియదు, కాబట్టి ముళ్లు ముందుకి తిప్పి తేదీ ఎప్పుడు మారిందో చూసి, అక్కణ్నుంచి 6 దాకా తిప్పి అప్పుడు సరిచేయండి.

#24 ముల్లుగమనం

శాస్త్రి గారి పోస్టు పైన పిన్ చేస్తున్నాను.

ప్రదర్శన గురించి ఒక్క మాట. ఐడబ్ల్యూసీ జెనీవాలో ఏటా ఒక్కో కుటుంబాన్ని ముందుకి తెస్తుంది: 2021లో బిగ్ పైలట్ 43, 2022లో టాప్ గన్, 2023లో ఇంజెనియర్, 2024లో పోర్చుగీజర్, 2025లో మళ్లీ ఇంజెనియర్. కానీ మార్క్ 20 ఆ వసంతకాలపు ప్రదర్శనలో రాలేదు, 2022లోనే తర్వాత విడిగా వచ్చింది. కాబట్టి మొదటి రోజు జాబితాలో పేరు లేకపోతే ఆ ఏడాదికి లేనట్టేనని నిరాశపడి వేరేదానికి అడ్వాన్సు కట్టేయకండి. కట్టాల్సి వస్తే, చేతికి పెట్టి చూశాక నచ్చకపోతే తిరిగిస్తామని రసీదు మీద రాయించుకోండి. ప్రకటన రాగానే పక్కనుంచి తీసిన ఫొటో, లగ్ పొడవు, మెషిన్ నంబరు, వెనక మూత వివరం ఎవరికి ముందు దొరికితే వాళ్లు ఇక్కడ పెట్టండి.